తంగేడు కొట్టాలలో అన్నం పెట్టి వచ్చాం

కాశీకి పోయి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. తిరుపతి సంగతి చెప్పనక్కర్లేదు. తంగేడు కొట్టాలకు పోయి వచ్చినవాళ్ళు మాత్రం ఉండరు. ఆ ఊరు ఇప్పుడు లేదు. లేని ఊరికి బయలుదేరి, మూడో రోజున అక్కడ అన్నం వండి వడ్డించి, మొన్ననే ఇంటికి చేరాను. చూసినవి కళ్ళలో ఉండగానే రాసిపెట్టమని మా మనవరాలు సుకన్య నన్ను కూర్చోబెట్టింది. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకర పోతే సుకన్య సరిచేస్తుంది. సంగతులు వంకర పోకుండా నేను చూసుకుంటాను.

పోవలసిన కారణం

మేము గార్లదిన్నె దగ్గర ఉంటాము. నేను పుట్టింది మాత్రం తంగేడు కొట్టాలలో. ధర్మవరం దాటి బెంగుళూరు వైపు పోయే రైలుదారి ఒకప్పుడు చిన్నలైను. దాని మీద బొగ్గు ఇంజన్లు నడిచేవి. వాటికి నీళ్ళు పట్టడానికి రైలువాళ్ళు బయలు మధ్యలో పెద్ద బావి తవ్వించారు. మా సీమలో నీళ్ళు కనబడితే మనుషులు వదులుతారా? బావి చుట్టూ కొట్టాలు లేచాయి, ఊరయింది. రైలుకట్ట పక్కన ఒక అమ్మవారు వెలిసింది. కట్ట పక్కన ఉంది కాబట్టి కట్టమ్మ.

నాకు మూడేళ్ళప్పుడు, నీళ్ళకు ఆగిన గూడ్సు బండి చివరి పెట్టెలోకి పాకి కూర్చున్నానట. ఎవరూ చూడలేదు. బండి పోయింది. మా అమ్మ కట్టమ్మ ముందు పడి, బిడ్డ ఇంటికొస్తే ఊరందరికీ కడుపునిండా వరన్నం పెడతానని మొక్కుకుంది. ఆ రోజుల్లో మాకు పూటపూటకూ రాగి సంగటి, లేకపోతే కొర్రన్నం. వరి బువ్వ పండగకు పిల్లలకు పిడికెడు దొరికితే గొప్ప. అంత పెద్ద మొక్కు ఎందుకు మొక్కావని మా నాయన తర్వాత కోప్పడ్డాడట. సాయంత్రం వెనక్కి వచ్చే బండిలో గార్డు నన్ను దించిపోయాడు. నా చేతిలో సగం తిన్న బిస్కెట్టు ఉందని, అందులో ముక్క కూడా ఎవరికీ పెట్టలేదని మా అమ్మ చెప్పేది. అవ్వ ఇప్పుడూ అంతే అని సుకన్య అంటుంది.

ఆ ఏడు వానలు లేవు. పై ఏడూ లేవు. మా నాయన మమ్మల్ని పిలుచుకొని కూలి వెతుక్కుంటూ గార్లదిన్నె వైపు వచ్చేశాడు. కొన్నాళ్ళకు బొగ్గు ఇంజన్లు ఆగిపోయాయి. లైను పెద్దది చేసినప్పుడు ఆ మేర దారి కూడా పక్కకు జరిపారు. ఊరు చెదిరిపోయిందని విన్నాము. మా అమ్మ చివరి రోజుల్లో ఒకటే మాట చెప్పింది.

"పాపా, నీ మొక్కు కట్టమ్మ కాడనే ఉండాది. యాడబడితే ఆడ తీర్చొద్దు."

కదిరిలో తీర్చు, ఇంకెక్కడైనా తీర్చు, ఎవరికి పెట్టినా అన్నమే కదా అని చుట్టాలందరూ చెప్పారు. నేను వినలేదు. ఊళ్ళో నా వెనక నన్ను పిసినారి అంటారు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఉల్లిపాయలు కొన్నా, చీర కొన్నా బేరమాడకుండా కొనను, నిజమే. అయితే మా అమ్మ నోటి నుంచి వచ్చిన మాటకు బేరం లేదు. చిక్కల్లా ఒకటే, ఆ ఊరు ఎక్కడుండేదో చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

అనంతపురంలో పటం

సుకన్య మా కూతురి కూతురు. అనంతపురంలో గది తీసుకుని భూగోళం చదువుతోంది. శెనక్కాయ పంట ఇళ్ళకు చేరిన తర్వాత ఒకరోజు ఫోను చేసి, "అవ్వా, నీ ఊరు దొరికింది, రా" అంది. దొరకడానికి అదేమన్నా తప్పిపోయిన మేకపిల్లా అనుకుంటూనే బస్సెక్కాను.

గదిలో ఎవరూ లేని మూల వైపు ఫ్యాను తిరుగుతోంది. ముందు దాన్ని ఆపాను. తర్వాత నేల మీద చూశాను. నాలుగు కాగితాలు బంకతో అతికించి పరిచింది. పూర్వం దొరల కాలంలో సర్వేవాళ్ళు మన నేలంతా నడిచి, కొలిచి గీసిన పటమట. అంతటా గోధుమరంగు గీతలు, బొటనవేలి ముద్ర మాదిరి చుట్టలు చుట్టలుగా ఉన్నాయి.

"ఈ గీతలేందే?"

"ఎత్తు చూపేవి అవ్వా. ఒకే ఎత్తుండే నేలను కలుపుకుంటా పోతే ఒక గీత."

"నేల మీద కూడా గీసినారా ఇట్ల?"

"నేల మీద యాడ గీస్తారవ్వా. కాగితం మీదనే."

నల్లగా, గట్టిగా పోయేది రైలుదారి. నీలం సున్నా బావి. చుక్కచుక్కలుగా పోయేవి బండ్లబాటలు. రైలుదారి పక్కన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. సుకన్య నా వేలు పట్టుకొని దాని మీద పెట్టి చదివింది. తంగేడు కొట్టాల. దాని చుట్టూ చిన్నచిన్న ఎర్ర ముద్దరలు. ఒక్కొక్కటీ ఒక ఇల్లట.

"మా ఇల్లేది?"

"అది రాయరవ్వా. యాదో ఒకటి."

మా అమ్మ నీళ్ళకు దూరం నడిచే మనిషి కాదు. నీలం సున్నాకు దగ్గరగా ఉన్న ఎర్ర ముద్దర మీద వేలు పెట్టి, ఇదే మా ఇల్లు అన్నాను. సుకన్య కాదనలేదు. ఇంకో పటం కూడా చూపించింది, దాని తర్వాత చాలా ఏళ్ళకు గీసినది. అందులో ఊరి పేరు ఉంది, బావి ఉంది, ఎర్ర ముద్దర ఒక్కటీ లేదు. పేరు పక్కన ఊరు పాడుబడింది అని రాశారట. ఆ పటం నాకు నచ్చలేదు. దాన్ని చుట్టి మంచం కింద పెట్టించాను. పాతదే తీసుకుని బయలుదేరాము.

రైల్లో

అనంతపురం నుంచి ధర్మవరానికి ప్యాసింజరు ఎక్కాము. కూర్చున్న వెంటనే ఎదుటి సీటు ఆమె అడిగింది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి మనిషి.

"యాడికి పోతాండావు పెద్దమ్మా?"

"తంగేడు కొట్టాలకు."

అంతే, పెట్టెలో పంచాయతీ మొదలైంది. ఆ ఊరు కణేకల్లు దగ్గరుందని ఒకాయన, కాదు మడకశిర దాటాలని ఇంకొకాయన. తమ మేనత్తను ఆ ఊరికే ఇచ్చారని మూడో ఆయన ప్రమాణం చేశాడు. ఆయన మేనత్తను ఇచ్చింది తంగేడుకుంటకని ధర్మవరం వచ్చేలోపల తేలింది. సుకన్య పటం విప్పి చూపేసరికి అందరూ తలలు దూర్చి తమతమ ఊళ్ళు వెతుక్కున్నారు. దొరికినవాడు చప్పట్లు కొట్టాడు. దొరకనివాడు, ఈ పటం గీసినోనికి కండ్లు ల్యావు అన్నాడు.

మగ్గం ఇంటామె బొరుగుల ఉగ్గాని, పచ్చిమిరపకాయ బజ్జీలు పంచింది. మా వైపు ఉగ్గానిలో పుట్నాలపొడి దండిగా కలుపుతాము, వాళ్ళు నిమ్మకాయ ఎక్కువ పిండుతారు. రెండింటిలో మాదే బాగుంటుంది, అయినా పెట్టినామె ముందర చెప్పలేదు. నేను కట్టుకొచ్చిన చిత్రాన్నం ఆమెకు పెట్టాను. ఆ సందట్లో డబ్బా పటం మీద పెట్టినట్టున్నాను. తీసి చూస్తే నూనె దిగింది. గుండ్రంగా, అరచేతి అంత.

సుకన్య మొహం మాడ్చుకుంది. "ఈడ ఏమీ ల్యాకుండె అవ్వా. ఇప్పుడు చెరువు వచ్చె."

"రానీలే. ఆడ అసలు చెరువులెట్లా ఎండిపోయినాయి. ఇదన్నా ఎండకుండా ఉంటాది" అన్నాను.

ఆ రాత్రి ధర్మవరంలో ఆమె ఇంట్లోనే పడుకున్నాము. మగ్గం గుంత పక్కన చాప వేసింది. కొత్త పట్టు వాసనకు నాకు మంచి నిద్ర పట్టింది.

రోడ్డు పక్క గుడి

మర్నాడు బస్సులో పెనుకొండ వైపు వచ్చి, పటం ప్రకారం కట్టకు దగ్గరనుకున్న చోట పెద్ద రోడ్డు మీద దిగాము. ఈ నేల ఇప్పుడు వేరే జిల్లా కింద రాస్తారట. నాకు మాత్రం అంతా అనంతపురమే. రోడ్డు పక్కన ఖాదర్ అనే ఆయన టీ అంగడి ఉంది. టీ పది రూపాయలు. గ్లాసు చూస్తే పిల్లలకు మందు పోసే గిన్నె అంత ఉంది.

"ఇంత చిన్న గ్లాసు యాడ దొరికింది నాయనా నీకు?" అన్నాను.

"పెద్ద గ్లాసులో పోస్తే మీరు ఒక్కటే తాగి పోతారు పెద్దమ్మా. ఇట్లయితే ఇంకొకటి అడుగుతారు" అన్నాడు. నిజంగానే ఇంకొకటి అడిగాను. అల్లం బాగా దంచాడు.

అంగడికి ఆనుకొని కొత్త గుడి ఉంది. సిమెంటు గోపురానికి రంగులు వేశారు. సుకన్య ఎండకు ఎర్రబడిపోయిందని నీడకు గుడిలోకి పోయాము. లోపల రసీదుల బల్ల దగ్గర కూర్చున్న యువకుడు మా మొక్కు సంగతి అంతా విని, చాలా మర్యాదగా చెప్పాడు.

"మీరు ఎండలో తిరగొద్దమ్మా. పేరు, గోత్రం రాయించండి. మేమే అన్నం పెట్టిస్తాము. మీరు ఉండాల్సిన పని కూడా ల్యాదు."

"మీ అమ్మవారు రైలుకు వీపు పెట్టి ఉండాదా?"

"రైలు ఈడ యాడుండాది? మా అమ్మ రోడ్డుకు మొగం పెట్టి ఉండాది."

మా అమ్మ చెప్పిన గుర్తు అదొక్కటే. కట్టమ్మ రైలుకు వీపు పెట్టి, బయలు వైపు చూస్తుంటుంది, చేతిలో శూలం ఉంటుంది. సుకన్య నా కొంగు లాగింది.

"అవ్వా, ఈడే పెట్టేద్దాం. అమ్మవారు యాడైనా అమ్మవారే కదా."

"మీ ఇంటికి రావాల్సిన అన్నం పక్కింట్లో పెట్టి పోతే నీకు కడుపు నిండుతాదా?"

ఇద్దరమూ గుడి బయటికి వచ్చాము. సంగతి చెబితే ఖాదర్ అంగడి దిగి వచ్చి, దూరంగా కంపచెట్లు బారు తీరి ఉన్న వైపు చెయ్యి చూపాడు. "బయలులో కంప అంత తిన్నగా యాడా పెరగదు పెద్దమ్మా. దాని కింద కట్ట ఉండాది. పోండి." సుకన్య పటం మీద వేలు పెట్టి తల ఊపింది.

కట్ట మీద

పట్టాలు ఎప్పుడో పీకేశారు. కట్ట మాత్రం అట్లాగే ఉంది, ఎత్తుగా, తిన్నగా. పైన నల్ల కంకర. మధ్యమధ్యలో వాగులకు కట్టిన రాతి మోరీలు. ఒక్క రాయి కదల్లేదు. మా ఊళ్ళో పోయిన ఏడు కట్టిన మోరీ ఈ ఏడు వానకే కూర్చుంది, వానలే రాని ఊళ్ళో. కంపముళ్ళకు నా చెప్పు ఒకటి తెగింది. పిన్నీసుతో కుట్టుకున్నాను. సుకన్య వందసార్లు ఫోను చూసి, వందసార్లు పటం చూసింది.

ముందు బావి కనబడింది. ఊరంత బావి. చుట్టూ చెక్కిన రాళ్ళు, లోపల పావురాలు. నీళ్ళు లేవు. ఊరు ఉన్న చోట మొండిగోడలు కూడా లేవు. మోకాటి ఎత్తు రాళ్ళవరుసలు, వాటి మధ్య తంగేడు పొదలు, సగం భూమిలో దిగిపోయిన ఒక రోలు. నాకు ఏదైనా గుర్తొస్తుందేమోనని నిలబడ్డాను. ఏమీ రాలేదు. చుట్టూ గుట్టల మీద గాలిమరలు మాత్రం తెల్లగా నిలబడి చూస్తున్నాయి. గాలి తక్కువ కాలం కాబట్టి ఒకటీ అరా తిరుగుతున్నాయి.

కట్ట దిగువన చీపురు చప్పుడు వినబడింది. ఒకామె నేల ఊడుస్తోంది. ఆమె ముందర నడుము ఎత్తు రాయి, పసుపు ముఖం, కుంకుమ బొట్టు. కట్టకు వీపు పెట్టి, బయలు వైపు చూస్తోంది. రాతి మీద శూలం.

కట్ట దిగి దగ్గరికి పోయాను. ఊడ్చే ఆమె పేరు నరసమ్మ. వాళ్ళ అత్త ఈ కొట్టాల మనిషేనట. అత్త ఊడ్చింది, అత్త తర్వాత తాను ఊడుస్తోంది. రోడ్డవతల ఊరు నుంచి మంగళవారం మంగళవారం వస్తుంది.

"ఎవరి కోసం వచ్చినావక్కా?" అంది.

"కట్టమ్మ కోసం."

"అయితే సరిగ్గానే వచ్చినావు. కూర్చో."

నేను కూర్చున్నాను. సుకన్య కూర్చోలేదు. రాయి దగ్గరకు పోయి వంగి శూలాన్ని చూసింది. మళ్ళీ పటం చూసింది. తర్వాత నా చెవిలో మెల్లగా చెప్పింది. ఇది సర్వేవాళ్ళ రాయి, భూమి ఎత్తు కొలవడానికి పాతినది. పైన అడ్డగీత, కింద మూడు గీతల బాణం గుర్తు, దేశమంతా ఇట్లాగే చెక్కుతారు. పటంలో సరిగ్గా ఇక్కడ దాని గుర్తూ, ఎత్తు అంకెలూ ఉన్నాయి. శూలం కాదవ్వా, బాణం.

నరసమ్మ చెవులు కూడా నా చెవుల్లాంటివే. చీపురు పక్కన పెట్టింది.

"ఏమంటాంది మీ పిల్ల?"

దాచి ఏం లాభం? చెప్పేశాను. మా అమ్మ పడి ఏడ్చింది కొలతరాయి ముందరా? ఇన్నేళ్ళు నేను మోసింది దీనికి మొక్కిన మొక్కా? నరసమ్మ కోపం చేసుకుంటుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"ఆ సంగతి మాకు తెల్దా? మా అత్తే చెప్పినాది. దొర గీత కొట్టించి పోయినాడు. అమ్మ వచ్చి కూర్చునింది. మంచి రాయి, ఊరికే ఖాళీగా ఉంటే ఎవరైనా కూర్చోరా?" అని సుకన్య వైపు తిరిగింది. "ఇంగో మాట చెప్పు పాపా. రోడ్డు వేసేవాళ్ళు వచ్చినారు, గాలిమరలోళ్ళు వచ్చినారు, కొత్త రైలుకు కొలిచేవాళ్ళు వచ్చినారు. ఎవరొచ్చినా ఫస్టు యాడికి వచ్చినారు?"

"ఈడికే వచ్చి ఉంటారు" అంది సుకన్య.

"ఈడికే. చెప్పులిడిసి, టెంకాయ కొట్టి, నేను పసుపు పక్కకు తుడిస్తే గీత చూసుకొని, అప్పుడు మూడుకాళ్ళ కొలత మిషను నిలబెట్టినారు. మా అమ్మ చెప్పనిదే ఈ నేల ఎంత ఎత్తుండాదో ఒక్క ఇంజనీరుకూ తెల్దు. యా అమ్మవారికి ఉండాది అంత పలుకుబడి?"

సుకన్య చెప్పులు విడిచింది. నవ్వుతూనే విడిచింది గానీ, దండం మాత్రం బుద్ధిగానే పెట్టింది. నేనూ పెట్టాను.

ఊరు ఎవరు

అప్పుడు అసలు చిక్కు ఎదురైంది. మా అమ్మ మొక్కింది కట్టమ్మకు అన్నం పెడతానని కాదు, ఊరందరికీ పెడతానని. ఊరేది? రోలు మీద కూర్చుని చుట్టూ చూశాను. తంగేడు పొదలకు పెట్టి పోవాలా? ఊరు వదిలిపోయినవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎంతమంది ఉన్నారో నరసమ్మకూ తెలియదు. నరసమ్మ ఉండే ఊళ్ళో పెడదామంటే అది వేరే ఊరు, వేరే అమ్మవారు. ఇంత దూరం వచ్చి, అమ్మవారు దొరికి, మొక్కు తీరకుండా తిరిగి పోవలసిందేనా అనిపించింది.

"ఈడ పొయ్యి ఎలిగించేవాళ్ళే ఊరు కదక్కా" అంది నరసమ్మ. "మడకశిర తట్టు నుంచి గొర్లోళ్ళు వచ్చి మంద కట్టినారు. మూడు పొయ్యిలు ఎలుగుతాండాయి. వాళ్ళు ఊరు కాదా?"

"అట్లయితే యాడికని గీత గీయాల? పెనుకొండ దాకా పెట్టాల్నా?" అన్నాను. ఎంత అమ్మవారైనా నేను నేనే కదా.

సుకన్య పటం విప్పింది. "గీత ఉండాదవ్వా. ఈ చుక్కలు చూడు. బావి, కట్ట, ఆ గుట్ట, ఈ వంక. ఇది కొట్టాల పొలిమేర. దీని లోపల ఉండేవాళ్ళంతా మన ఊరోళ్ళే."

నా నూనె చెరువు పొలిమేర మీదికి కొంచెం పారింది గానీ, చుక్కలు కనబడుతూనే ఉన్నాయి. సరే, ఈ లోపల రేపు ఎవరుంటే వాళ్ళకే అన్నాను.

ఆ సాయంత్రం నరసమ్మ ఇంట్లో సంగటి తిన్నాము. వాళ్ళ సంగటిలో బియ్యం తక్కువ, రాగిపిండి ఎక్కువ, ముద్ద చేత్తో కొడితే మోగుతుంది. నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి రోట్లో నూరింది. రెండో ముద్ద వేయించుకున్నాను. తర్వాత అంగడికి పోయి బియ్యం అడిగాను. అంగడాయన రేటు చెప్పాడు. నేను సగం చెప్పాను. ఆయన సంచి కట్టేయబోయాడు. అట్లా కాసేపు గడిచాక ఇద్దరికీ కుదిరింది. అయితే నేను తీసుకున్నది సన్నబియ్యం. సుకన్య నోరు తెరిచింది.

"ఇంట్లో ఎప్పుడన్నా తెచ్చినావా అవ్వా ఇవి?"

"నేను పిసినారని కట్టమ్మకు కూడా తెలియాల్నా?"

అన్నం

మర్నాడు పొద్దున్నే కట్టమ్మ ఎదుట పొయ్యిరాళ్ళు పెట్టాము. నరసమ్మ తెచ్చిన పెద్ద డేగిసాలో అన్నం, పక్కన కందిపప్పు, గుమ్మడికాయ కూర, చింతపండు చారు. బెల్లం పాయసం కూడా. గొర్రెలకాపరి ఈరన్న, అతని ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాంబిడ్డలు వచ్చారు. ఈరన్న కన్నడం కలిపి మాట్లాడతాడు.

"ఊట యాకజ్జీ? ఎవరిది పండగ?" అన్నాడు, అన్నం దేనికని.

"నేను తప్పిపోయి దొరికినందుకు" అన్నాను. అతను తల గోక్కున్నాడు. అతని పెళ్ళాం మాత్రం ఇంకేమీ అడక్కుండా తమ గిన్నెలో నెయ్యి తెచ్చి అన్నం మీద ఒంపింది. మా వైపు గొర్లోళ్ళు నెయ్యి అమ్ముకుంటారు, పొయ్యరు. పుచ్చుకుని ఊరికే ఉండలేక, ఆమె బిడ్డకు నా చేతి రుమాలు ఇచ్చాను. కొత్తదే.

చేలలో మిగిలిన శెనక్కాయలు ఏరుకునే ఆడవాళ్ళు వచ్చారు. ఒకామె, "మేము ఈ ఊరోళ్ళం కాదు కదమ్మా, తినొచ్చా?" అని దూరంగా నిలబడింది. సుకన్య పటం చూపి, నువ్వు నిలబడిన చోటు ఊరి నడిబొడ్డు అంది. ఆమె తన కాళ్ళ కింద చూసుకుని, నవ్వి, వచ్చి కూర్చుంది. గాలిమరల కాపలా మనిషి కూడా వచ్చాడు. అందరూ బారుగా కట్ట నీడలో కూర్చున్నారు. నేను వడ్డించాను. ఎవరికి ఎంత చాలో అడగలేదు, వద్దన్నా వేశాను. మా ఇంట్లోవాళ్ళు చూసి ఉంటే నమ్మేవాళ్ళు కాదు. మా అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తున్నట్టు ఉంది. గుమ్మడికాయ కూరలో ఉప్పు తక్కువైందని శెనక్కాయల ఆమె చెబితే కూడా నాకు కోపం రాలేదు.

అందరూ లేచాక నాకు ఆకు వేసింది సుకన్య. నరసమ్మ ఆపింది. వాళ్ళ వైపు ఊరన్నం పెట్టినవాళ్ళు తినేముందు నాలుగు దిక్కులకూ తిరిగి, ఇంకా ఎవరైనా ఉన్నారా అని గట్టిగా పిలవాలట. ఎవరూ పలకకపోతేనే కూర్చోవాలి. మా వైపు ఇది లేదు. మంచి పద్ధతే, అయితే అప్పటికి నా కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి.

తూర్పుకు తిరిగి పిలిచాను. "ఇంకెవరన్నా ఉండారా?" ఏమీ లేదు. దక్షిణానికి పిలిచాను. గొర్రె ఒకటి అరిచింది, అది లెక్కకు రాదని ఈరన్న తేల్చాడు. పడమరకు పిలిచాను. కట్ట మీద పావురాలు లేచాయి. ఉత్తరానికి తిరిగి పిలిచాను.

"నేనుండా..."

అందరమూ ఉలిక్కిపడ్డాము. చేలు చూశాము, కట్ట చూశాము. మనిషి లేడు. నరసమ్మ చప్పున కట్టమ్మ ముఖం చూసింది. మళ్ళీ వినబడింది. "ఓ... నేనుండా అవ్వా..."

సుకన్య పైకి చెయ్యి చూపింది. దగ్గరలో ఉన్న గాలిమర పాత రకంది, ఇనుపకడ్డీల గోపురం. దాని నడుమన నిచ్చెన మీద ఒక మనిషి, ఎర్ర టోపీ, చెయ్యి ఊపుతున్నాడు.

కాపలా మనిషి నాలుక కరుచుకున్నాడు. "మా సుధాకరు. మరమ్మతుకని పొద్దునే ఎక్కినాడు. నేను మరిచేపోతిని."

"పటంలో చూడవే" అన్నాను.

సుకన్య చూసింది. "గుట్టకు ఈ పక్క అవ్వా. లోపలే."

"అయితే దిగు నాయనా" అని పైకి అరిచాను. "అన్నం ఉండాది."

"బెల్టు ఇప్పుకొని దిగల్ల అవ్వా. కొంచెం పొద్దు పడ్తాది. మీరు తినండి."

"నువ్వు తినందే నేను తినకూడదంట. మెల్లగా దిగు, తొందరపడి పడొద్దు."

ఆకు ముందు కూర్చుని ఎదురుచూశాను. అందరూ నాతో కలిసి ఎదురుచూశారు. ఒక్కొక్క మెట్టు దిగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. అతను వచ్చి, చేతుల గ్రీజు మట్టితో రుద్ది కడుక్కుని, కూర్చుని అడిగాడు.

"ఎవరింట్లో పెండ్లి?"

"పెండ్లి కాదప్పా" అంది నరసమ్మ. "ఈ అక్క చిన్నబిడ్డప్పుడు ఈడ రైలెక్కి పోయినాది. తిరిగొస్తే అన్నం పెడతామని వాళ్ళమ్మ మొక్కు."

సుధాకరు నన్ను కింద నుంచి పైకి చూశాడు. నా నెరిసిన తల చూశాడు.

"ఏం రైలవ్వా అది? ఇంత లేటా?"

ఈరన్న పెళ్ళాం నవ్వీ నవ్వీ కట్టకు ఆనుకుంది. నేను నవ్వి ఎన్నాళ్ళయిందో తెలియదు, పొట్ట పట్టుకున్నాను. నవ్వుతూనే అతని ఆకు నింపాను. ఖాళీ అయితే మళ్ళీ నింపాను. చాలు చాలు అంటూ అతను ఆకు మీద చేతులు అడ్డం పెట్టేదాకా వేశాను.

తర్వాత లేచి ఉత్తరానికి తిరిగి ఇంకోసారి పిలిచాను. ఈసారి తల పైకెత్తి కూడా పిలిచాను. ఎవరూ పలకలేదు. అప్పుడు కూర్చున్నాను. సుకన్య నాకు వడ్డించింది.